పొంగించే గర్వము – కట్టే ప్రేమ

వాక్యభాగము: 1 కొరింథీయులకు 1:26–31, 8:1, 11:17–34, 13:4, యోహాను 13:1–15



పొయ్యి మీద పాలు పెట్టి, ఫోను మాట్లాడుతూ మరచిపోయిన అనుభవం మన ఇళ్ళలో అందరికీ ఉన్నదే. పాలు గిన్నె అంచుదాకా లేస్తాయి. చూసేవారికి లీటరు పాలు రెండు లీటర్లయినట్టు కనబడతాయి. మంట తగ్గించగానే అసలు సంగతి తెలుస్తుంది. పాలు పెరగలేదు, కారిపోయినంత మేరకు తగ్గాయి. పొయ్యి మాత్రం పాడయింది, ఇల్లంతా మాడు వాసన.

కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో పౌలు గర్వం గురించి మాట్లాడేటప్పుడు మన తెలుగు బైబిలులో కనబడే మాట "ఉప్పొంగు". మూలభాషయైన గ్రీకులో ఆ మాటకు గాలి ఊది ఉబ్బించడం అని అర్థం. కొత్త నిబంధన మొత్తంలో ఆ క్రియ ఏడుసార్లు వస్తే, ఆరుసార్లు ఈ ఒక్క పత్రికలోనే ఉంది (4:6, 4:18, 4:19, 5:2, 8:1, 13:4). మిగిలిన ఒక్కటి కొలొస్సయి 2:18లో. ఒకే సంఘానికి ఒకే మాట ఆరుసార్లు చెప్పవలసి వచ్చిందంటే, ఆ సంఘంలో పొయ్యి ఎంత పెద్ద మంట మీద ఉందో ఆలోచించండి.

కొరింథు మనకు దూరమైన ఊరు కాదు

పాత కొరింథును రోమీయులు క్రీ.పూ. 146లో నేలమట్టం చేశారు. సుమారు నూరేళ్ళ తరువాత, క్రీ.పూ. 44లో, జూలియస్ సీజరు దానిని రోమా వలస పట్టణంగా మళ్ళీ నిలబెట్టాడు. అక్కడికి వచ్చి స్థిరపడినవారిలో చాలామంది బానిసత్వం నుండి విడుదల పొందినవారు. అంటే ఆ ఊరిలో తాతముత్తాతల పేరు చెప్పుకొని బ్రతికేవారు తక్కువ. బయటి నుండి వచ్చారు, కష్టపడ్డారు, వ్యాపారాలు చేశారు, పైకి వచ్చారు. అలా పైకి వచ్చినవారికి ఒక కోరిక మిగిలిపోతుంది. తాము పైకి వచ్చామని నలుగురికీ తెలియాలి. కొరింథు తవ్వకాలలో 1929లో ఒక రాతి ఫలకం బయటపడింది. ఎరస్తు అనే వ్యక్తి పట్టణ అధికారి పదవికి బదులుగా తన సొంత ఖర్చుతో ఆ బాటకు రాళ్ళు పరిపించాడని దాని మీద చెక్కి ఉంది. రోమా 16:23లో పేరున్న ఎరస్తు ఆయనేనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ సంగతి అలా ఉంచండి. మనం గమనించవలసింది "సొంత ఖర్చుతో" అనే ఆ మాట. మన ఊళ్ళలో చర్చి ఫ్యాన్ల రెక్కల మీద దాతల పేర్లు రాయించిన వంశం మనది. ఆ ఫలకం మనకు కొత్తగా అనిపించదు.

ఇప్పుడు పిస్కాటవేలో మన సంగతి చూడండి. మనమూ ఇక్కడికి వలస వచ్చినవాళ్ళమే. స్టెల్టన్ రోడ్డు మీద రోజూ వెళ్తుంటాము. ఆ పేరుతోనే ఉన్న స్టెల్టన్ బాప్టిస్టు సంఘం ఇప్పుడు ఎడిసన్ హద్దులలో ఉంది. అది 1689లో పిస్కాటవే సంఘంగా మొదలైంది. మూడు వందల ఏళ్ళకు పైగా ఈ నేల మీద విశ్వాసులు మోకరిస్తున్నారు. నిన్నగాక మొన్న వచ్చిన మనలో, పదిహేనేళ్ళ క్రితం వచ్చినవారు పోయిన ఆగస్టులో వచ్చిన విద్యార్థిని చూసే చూపు ఒకటి ఉంది. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

విరుగుడు తగ్గిపోవడం కాదు, కట్టడం

గర్వానికి విరుగుడు ఏమిటని అడిగితే, మనం సాధారణంగా "తగ్గించుకోవాలి" అంటాము. నిజమే. అయితే 8:1లో పౌలు చెప్పిన పద్ధతి చూడండి. తెలివి మనుష్యుని ఉబ్బిస్తుంది అన్న తరువాత, కాబట్టి మీరు కుంచించుకుపోండి అని ఆయన చెప్పడు. ప్రేమ కడుతుంది అంటాడు. ఉబ్బడానికి ఎదురుగా ఆయన పెట్టినది ఇల్లు కట్టడం. గాలితో నిండిన దానికి ఎదురుగా రాయి మీద రాయి.

ఈ తేడా చిన్నది కాదు. తనను తాను తగ్గించుకోవాలని రోజంతా ప్రయత్నించేవాడు రోజంతా తన గురించే ఆలోచిస్తూ ఉంటాడు. నేను ఎంత దీనుడనయ్యాను? నిన్నటి కన్నా తగ్గానా? నా తగ్గింపును ఎవరైనా గమనించారా? మన ప్రార్థన కూడికలలో "నేను పనికిమాలినవాడను, పురుగువంటివాడను" అని కన్నీళ్ళతో ప్రార్థించి, ఆ సాయంత్రమే తన పేరు ప్రకటనలో చదవలేదని అలిగిన పెద్దలు ఉన్నారు. పరాయివారి సంగతి ఎందుకు, ఆ అలకలో నేనూ ఒకసారి ఉన్నాను. ఇల్లు కట్టేవాడికి ఆ తీరిక ఉండదు. అతని కళ్ళు గోడ మీద ఉంటాయి.

అందుకే 13:4లో ఉప్పొంగనిది దీనత్వమని పౌలు అనలేదు, ప్రేమ అన్నాడు. ఎదుటివాని మీద కన్ను నిలిచిన చోట గర్వానికి మంట అందదు.

బల్ల దగ్గర బయటపడిన రోగం

కొరింథువారి గర్వం ఎక్కడ బట్టబయలైంది? ప్రభువు బల్ల దగ్గర. 11వ అధ్యాయం చదివితే, కలిగినవారు ముందుగా వచ్చి తమ భోజనం తాము ముగించేవారని, పని ముగించుకొని వచ్చిన పేదవారు ఆకలితోనే ఉండిపోయేవారని తెలుస్తుంది. ఆ కాలపు రోమా ఇళ్ళలో భోజనశాల చిన్నది, ఆనుకొని తినడానికి సుమారు తొమ్మిది మందికి చోటుండేది, మిగిలినవారు బయటి వసారాలో ఉండేవారని కొందరు పండితులు వివరిస్తారు. లోపల ఎవరు, వసారాలో ఎవరు అనేది ఇంటి యజమాని హోదాను బట్టి తేల్చేవాడు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, వెళ్ళగొట్టలేదు. వరుస అలా ఏర్పడిపోయింది, అంతే.

దీనికి పౌలు ఇచ్చిన ఆజ్ఞ ఆశ్చర్యం కలిగించేంత చిన్నది. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండండి అంటాడు (11:33). తినకుండా ఆగండి, ఆలస్యంగా వచ్చేవాడి కోసం. గర్వం గురించి ఎన్నో అధ్యాయాలు రాసిన మనిషి చివరకు ప్లేటు పట్టుకొని ఆగమన్నాడు!

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. పౌలు కొరింథులో పద్దెనిమిది నెలలు ఉండి, అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొ. కా. 18:3, 11). చేతిపని అంటే పెద్దవారికి చిన్నచూపు ఉన్న కాలం అది. ఆ పని తోలుపని కావచ్చునని చాలామంది పండితుల అభిప్రాయం. తోలు కుట్టే చేతులు రాసిన పత్రిక ఇది. ఈ సంగతి మనసులో ఉంచుకొని ఒంగోలుకు రండి.

ఒంగోలులో తెరుచుకున్న వాక్యం

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు, ఆయన భార్య హ్యారియట్ అమ్మగారు 1866లో ఒంగోలు చేరారు. ఆ సంవత్సరంలోనే యర్రగుంట్ల పేరయ్య గారు, ఆయన భార్య నాగమ్మ గారు బాప్తిస్మం పొందారు. పేరయ్య గారు మాదిగ కులస్థులు, తోళ్ళ వ్యాపారం చేసినవారు. ఆయన సువార్తను తన జనుల మధ్యకు తీసుకువెళ్ళగా, పల్లెల నుండి వారు ప్రభువు కోసం రావడం మొదలైంది.

అదే సమయంలో ఒంగోలులోని అగ్రకులాలవారు కొందరు దొరగారి మాటలు ఆసక్తితో వింటున్నారు. తమ పిల్లలను ఆయన బడికి పంపుతున్నారు. అంటరానివారిని చేర్చుకుంటున్నారని తెలిసినప్పుడు వారు వచ్చి తేల్చి చెప్పారు, వీరిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలనూ పంపము అని. మనుష్యరీతిగా ఆలోచిస్తే సలహా తెలివైనదే. ముందు పెద్దలను చేర్చుకుంటే ఊరంతా వెనుక వస్తుంది కదా!

క్లౌ గారు కలవరపడి తన గదిలోకి వెళ్ళి ప్రార్థించి బైబిలు తెరిచారు. ఆయన కన్ను పడినది 1 కొరింథీ 1వ అధ్యాయం, 26వ వచనం నుండి. మీ పిలుపును చూసుకోండి, మీలో పెద్ద జ్ఞానులు ఎందరు, గొప్పవంశాలవారు ఎందరు అని పౌలు అడిగే భాగం. హ్యారియట్ అమ్మగారు మరొక గదిలో, ఆయనకు తెలియకుండానే, అదే భాగం చదివారు. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నప్పుడు సంగతి తెలిసింది. బైబిలును చీటీ తీసినట్టు తెరవడం నేను మీకు నేర్పించే పద్ధతి కాదు. అయితే ఆ రోజు వారు ఆ వాక్యానికి లోబడ్డారు. అగ్రకులాలవారు వెళ్ళిపోయారు. తలుపు పేరయ్య గారి జనులకు తెరిచే ఉంది.

పదేళ్ళు తిరిగాక 1876–78 కరువు వచ్చింది. మిషనరీ కాకముందు భూమి కొలిచే పని నేర్చుకొని ఉన్న క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులు మారుతూ.

ఈ చరిత్ర చెప్పినప్పుడల్లా మనం 2,222 దగ్గర ఆగి హల్లెలూయా అంటాము. నేను ఆ గది దగ్గర ఆగమని అడుగుతున్నాను. తెలుగు సంఘం ముందుకు వచ్చిన మొదటి ప్రశ్నలలో ఒకటి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నది. ఆ ప్రశ్నకు ప్రభువు కొరింథు పత్రికతోనే జవాబిచ్చాడు.

తరువాత మనం ఏమి చేశాము? బాధతోనే రాస్తున్నాను. ఆ వాక్యం వల్ల లోపలికి వచ్చిన మనమే మళ్ళీ లోపల వసారాలు కట్టుకున్నాము. ఎన్నో గ్రామాలలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి. అగ్రకులాల నుండి వచ్చిన కుటుంబాలవారికి వేరే వరుస. పెండ్లి సంబంధం దగ్గరికి వస్తే "విశ్వాసులే కావాలి" అన్న మాట వెనుక ఇంకొక మాట. సముద్రం దాటి వచ్చాక పోయిందా? "మీ ఇంటిపేరు ఏమిటండీ? సొంత ఊరు ఎక్కడ? అక్కడ ఏ వైపు?" అని కాఫీ కప్పుతో అడిగే ప్రశ్న దేనికోసమో అడిగేవారికి తెలుసు, జవాబు చెప్పేవారికి ఇంకా బాగా తెలుసు. మన పక్కనే బుష్, లివింగ్‌స్టన్ క్యాంపస్‌లున్న రట్గర్స్ విశ్వవిద్యాలయం కులవివక్ష మీద ఒక బృందాన్ని వేసి 2024లో నివేదిక వెలువరించింది. విశ్వవిద్యాలయానికి కనబడినది సంఘానికి కనబడకపోతే ఎలా?

సాక్ష్యాల సమయంలో

గర్వం అనగానే మనకు తల ఎగరేసేవాడు గుర్తుకు వస్తాడు. తల దాచుకునేవాడిలో కూడా అదే ఉంటుందని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఒక చలికాలం మన సహవాసంలోని ఒక సహోదరుడు కుటుంబంతో రావడం మానేశాడు. పేరు చెప్పను. రెండు వారాలు చూశాను. వేరే సహవాసానికి వెళ్తున్నారని ఎవరో అన్నారు. నాకు కోపం వచ్చింది. పెద్దగా ఉన్న నాకు ఒక మాట చెప్పకుండా ఎలా వెళ్ళాడు? ఫోను అతనే చేయాలి అనుకున్నాను. అది నా హక్కు అన్నట్టు కూర్చున్నాను. దాదాపు నెలన్నర గడిచింది.

ఒక శనివారం ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయల దుకాణంలో ఎదురుపడ్డాడు. "వందనాలు అన్నా" అన్నాడు, కళ్ళు పైకెత్తలేదు. అతను ఏ సహవాసానికీ వెళ్ళడం లేదు. ఉద్యోగం పోయింది. హెచ్ వన్ బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు ఉంటుందని మీకు తెలుసు. ఆ రోజులు లెక్కపెట్టుకుంటూ ఇంట్లోనే ఉన్నాడు. "చెప్పవచ్చు కదా తమ్ముడూ" అన్నాను. అతను అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "చివరిసారి వచ్చిన ఆదివారం మూడు సాక్ష్యాలు అన్నా. ఒకరికి ఇల్లు, ఒకరికి గ్రీన్ కార్డు, ఒకరికి ప్రమోషన్. నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. మొహం చెల్లలేదు."

ఆ ముగ్గురూ తప్పు చేశారని నేను అనను. దేవుడు చేసిన మేలు చెప్పడం మంచిదే. కాని మన కృతజ్ఞతలు అన్నీ ఒకే రకం అయినప్పుడు, అది లోపలి గదికి టికెట్టు అవుతుంది. మొహం చెల్లక దాక్కోవడం అతనిలోని గర్వం. అతనే ఫోను చేయాలని కూర్చోవడం నాలోనిది. రెండు గర్వాల మధ్య ఒక కుటుంబం నలభై రోజులకు పైగా ఒంటరిగా ఉంది. నేను ముందే ఫోను చేసి ఉంటే ఉద్యోగం దొరికేదని కాదు. కనీసం ఆ రోజులు లెక్కపెట్టడానికి తోడు ఇంకొకరు ఉండేవారు. చివరకు వారు హైదరాబాదు తిరిగి వెళ్ళిపోయారు. సామాను సర్దడానికి మేము నలుగురం వెళ్ళాము. అది ప్రేమేనని ఒప్పుకుంటాను, కాని ఆలస్యంగా వచ్చిన ప్రేమ.

తువాలు తీసుకున్నవాడు

యోహాను 13ను నేను ఆ తరువాత మళ్ళీ చదివాను. పాదాలు కడిగిన సంగతి మనకు కంఠస్థం. దానికి ముందున్న రెండు సంగతులను దాటిపోతుంటాము. మొదటిది, ఆయన తనవారిని చివరిదాకా ప్రేమించాడని 1వ వచనంలో ఉంది. తువాలు కన్నా ముందు ప్రేమ ఉంది. రెండవది, తండ్రి సమస్తాన్ని తన చేతికి అప్పగించాడని, తాను ఎక్కడనుండి వచ్చి ఎక్కడికి వెళ్తున్నాడో ఎరిగి ఆయన లేచాడని 3వ వచనంలో ఉంది. తాను ఎవరో తెలియక వంగలేదు, తెలిసే వంగాడు. తనను తాను తక్కువ చేసుకోవడం, తనను అసహ్యించుకోవడం దీనత్వం కాదు. దేవుని చేతిలో భద్రంగా ఉన్నవాడికి తన స్థానాన్ని కాపాడుకోవలసిన పని లేదు కనుక చేతులు ఖాళీగా ఉంటాయి, తువాలు పట్టుకోవడానికి. ఆ పన్నెండు మంది పాదాలలో యూదా పాదాలు కూడా ఉన్నాయి.

ఉద్యోగం, వీసా, పిల్లల కాలేజీ, ఇంటిపేరు, ఇవన్నీ గట్టిగా పట్టుకొని ఉన్న చేతులతో ఎవరి పాదాలూ కడగలేము.

చాప మీద

మన తల్లిదండ్రులలో చాలామంది సహోదరుడు భక్తసింగ్ గారి కూడికలకు వెళ్ళినవారే. పంజాబులో 1903లో పుట్టి, ఇంగ్లాండులోను కెనడాలోను ఇంజనీరింగు చదివి, విదేశంలోనే ప్రభువును తెలుసుకొని, 1933లో భారతదేశానికి తిరిగివచ్చిన మనిషి. హైదరాబాదు హెబ్రోనులో పరిశుద్ధ సమావేశాలు జరిగినప్పుడు కలెక్టరు ఆఫీసులో పనిచేసేవారు, కూలికి వెళ్ళేవారు ఒకే చాప మీద కూర్చొని ప్రేమవిందు తినేవారు. చాపకు పైవరుస, కింది వరుస ఉండదు. ఆ సమావేశాలకు వెళ్ళివచ్చిన పెద్దలను అడిగి చూడండి, ప్రసంగం కన్నా ముందు వారు చెప్పేది ఆ అన్నం సంగతే.

మనకు ఇక్కడ చాపలు లేవు, అద్దె హాలులో మడత కుర్చీలు, పొడవాటి బల్లలు ఉన్నాయి. ఆరాధన అయ్యాక గమనించండి. ముందుగా వడ్డించుకొనేది ఎవరు? ఒకే ఐదారు కుటుంబాలు ప్రతి వారం ఒకే బల్ల దగ్గర ఎందుకు ఉంటాయి? విద్యార్థులు గోడ పక్కన నిలబడి ఎందుకు తింటారు? ఆఖరున కుర్చీలు మడిచేది, బిర్యానీ ట్రేలు కడిగేది ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే ఎందుకు?

వచ్చే ఆదివారం నుండి మూడు వారాలు ఒక పని చేద్దామని మీ అందరినీ అడుగుతున్నాను, నన్ను కూడా కలుపుకొని. మీరు ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గర కూర్చోకండి. పేరు తెలియనివారి పక్కన కూర్చోండి. ఇంటిపేరు, ఊరు, వీసా, కంపెనీ అడగకుండా మాట్లాడండి. మొదటి ఐదు నిమిషాలు కష్టంగా ఉంటుంది. మన దగ్గర మాట్లాడడానికి ఇంకేమీ లేదా అనిపిస్తుంది. "ఈ వారం మీ కోసం దేనిగురించి ప్రార్థించమంటారు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. రెండు వారాలుగా కనబడనివారు ఎవరైనా గుర్తుకు వస్తే, వాళ్ళు ఫోను చేస్తారని చూడకండి.

విద్యార్థుల బస్సు కాస్త ఆలస్యంగా వస్తుంది. వారు వచ్చేదాకా ట్రేల మీద ఫాయిల్ తీయవద్దని వంటగదిలో ఉన్న అక్కలకు చెప్పి ఉంచాను.